మూడు నిమిషాల సాక్ష్యం

జనగామ నుంచి హైదరాబాద్‌కు సువార్త పనికి వెళ్తున్నామని మా సంఘంలో ప్రకటించినప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోనే. నాన్న ఉద్యోగం పోయాక, మూడేళ్ల కింద జనగామకు వచ్చాం. ఇప్పుడు నా ఊరికే నన్ను నాలుగు రోజుల మిషన్ ట్రిప్పుకు తీసుకెళ్తారట. అయినా ఒప్పుకున్నాను. సాయంత్రాలు ఫ్రెండ్స్‌ని కలవొచ్చు, పాత కాలేజీ ముందు చాట్ తినొచ్చు అనుకున్నాను.

రైలెక్కిన పది నిమిషాలకే ఆ ఆశ పోయింది. పాస్టరుగారి భార్యను మేమంతా అమ్మగారు అని పిలుస్తాం. టీముకు ఆవిడే పెద్ద. జిప్పున్న సంచి ఒకటి తెరిచి అందరి ముందూ పట్టారు.

"ఫోన్లు ఇందుల వెయ్యుండ్రి. పొద్దుమీకి అర్ధగంట ఇస్త. ఇంట్ల మాట్లాడుకొని మళ్ల ఇచ్చెయ్యాలె."

"ఫోన్ లేకుంటే నాకు ఊపిరాడదు అమ్మగారూ."

"ఆడుతది తియ్యి. మీ అమ్మ ఫోన్ లేకుండనే నిన్ను కన్నది."

మా ఎనిమిది మందిలో నవ్వనిది నేనొక్కదాన్నే. ఆ సంచి తర్వాత ఆవిడ భుజం దిగలేదు.

ఊరి చివర ఒక చర్చి పైఅంతస్తు హాల్లో మాకు బస. సాయంత్రం ఆరింటికి కింద గేటుకు తాళం. కిటికీలోంచి ఫ్లైఓవర్ కనిపించేది. రెండేళ్లు నేను కాలేజీకి వెళ్లిన బస్సు దాని మీదే పోయేది. కిటికీ చువ్వలు పట్టుకుని ఆ నంబరు చూస్తూ నిలబడేదాన్ని. ఒంటరిగా గేటు దాటకూడదు, ఎవరికీ మెసేజ్ పెట్టలేను. నా ఊళ్లో నేనే ఖైదీని.

సాక్ష్యం సంగతి చెప్పాలి. టీములో ప్రతి ఒక్కరూ బస్తీలో నిలబడి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. నాది మా సంఘంలో అందరికీ తెలిసిన కథే. నాకు నాలుగేళ్లప్పుడు జ్వరం మెదడుకెక్కింది. పదకొండు రోజులు దవాఖానలో ఉన్నాను. డాక్టర్లు ఆశ లేదన్నారు, అమ్మ మంచం పక్కన మోకాళ్లూనింది, నేను కళ్లు తెరిచాను. అమ్మ చెప్తే ఇరవై నిమిషాలు పడుతుంది. అమ్మగారి లెక్క ప్రకారం సాక్ష్యం మూడు నిమిషాలు దాటకూడదు. రైల్లోనే వాచీ చూస్తూ అందరితోనూ చెప్పించారు. నాది ఏడు నిమిషాలు తేలింది.

"దవాఖాన ముచ్చట తీసెయ్యి బిడ్డా. బస్తీలోళ్లు పని మీదికెల్లి వచ్చి నిలవడి వింటరు. ముందు ఎట్లుంటివి, దేవుడు ఏం చేసిండు, ఇప్పుడు ఎట్లున్నవు. గంతే."

ఫోన్ లాక్కున్న కోపం నాకింకా దిగలేదు. తొందరగా వదిలేస్తే చాలనుకున్నాను. "సరే, తీసేస్తా," అన్నాను. తీసేస్తే మూడు నిమిషాల్లోపే అయిపోయింది. శభాష్ అన్నారు.

మొదటి సాయంత్రం అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని గేటు బయటే ఆపేశాడు. వెనకాల కొత్త బిల్డింగు పని జరుగుతున్న చోట, రేకుల షెడ్ల ముందు పాటలు పాడాం. విన్నవాళ్లలో సగం మంది మా వైపు వాళ్లే. మానుకోట దగ్గరి కొత్తగూడ తండాల వాళ్లు, మరిపెడ వాళ్లు. పట్నానికి సువార్త చెబుదామని పొద్దున్నే రైలెక్కి వస్తే, వినడానికి మానుకోట జిల్లా వచ్చి కూర్చుంది. నా వంతు వచ్చాక చెప్పాను. జ్వరం, అమ్మ ప్రార్థన, లేచి కూర్చోవడం. చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఒకామె మా హాల్లోకి మెట్లెక్కి వచ్చింది. భుజం మీద నాలుగైదేళ్ల పాప. ఆమెది కొత్తగూడ దగ్గర తండా. వయసులో నాకంటే కొంచెం పెద్ద. పాపను లంబాడీలో ఊరడిస్తూ నాతో తెలుగులో మాట్లాడింది.

"చెల్లె, నిన్న చెప్పినవు గద. మా పొల్లక్కూడ గట్లనే జరం. జర చెయ్యి పెట్టు."

పెట్టాను. పెనం మీద పెట్టినట్టుంది. ఎన్ని రోజులైందని అడిగాను.

"ఐదు దినాలు. నిన్న పొద్దుగాల సర్కారు దవాఖానకు పోయినం. రక్తం చూసి, ఇయ్యాల బెడ్డు ఎక్కియ్యాలె అన్నరు. చీటీ రాసిచ్చిండ్రు." కొంగు ముడి విప్పి చూపించింది. "నీ మాట విన్నంక ఇగ సూదులెందుకు అనుకున్న. పదకొండు గంటలకు నర్సంపేట బస్సు ఉన్నది. ఊరికి తోల్కపోత. మా అవ్వ చూసుకుంటది."

నేను నోరు తెరిచేలోపే అందరూ చుట్టూ చేరి కళ్లు మూసుకున్నారు. అమ్మగారు ప్రార్థన ఎత్తుకున్నారు. నా రెండు భుజాల మీద నాలుగు చేతులు, నా చెయ్యేమో పాప నుదుటి మీద. కదలడానికి లేదు. ఇది అమ్మ పదిహేడేళ్లుగా చెప్తున్న కథ. సంఘమంతా నమ్మిన కథ. అందులో ముక్క కోసేసిందాన్ని నేను. ఇప్పుడు విప్పితే మా అమ్మ ప్రార్థన ఉత్తదే అన్నట్టు. విప్పకపోతే పదకొండు గంటల బస్సు. ప్రార్థన సాగుతూనే ఉంది. పాప ఊపిరి నా మణికట్టుకు వేడిగా తగులుతోంది.

ఆమెన్ అనగానే ఆమె మెట్ల వైపు తిరిగింది.

"అక్కా, ఆగు. నేను దవాఖానలో ఉన్నా. పదకొండు రోజులు."

"నిన్న చెప్పకపోతివి?"

"టైమ్ సరిపోదని తీసేసిన."

ఆమె అమ్మగారిని చూసింది, తర్వాత నన్ను. "నీకైతే దేవుడు, నా బిడ్డకైతే సూదులా?"

నేను అమ్మగారి వైపు తిరిగాను. "అమ్మగారూ, నా ఫోనివ్వండి," అన్నాను.

"పొద్దుమీకి గద ఇచ్చేది."

"ఇప్పుడే కావాలి." అరిచాను. అరవడంతో ఆగలేదు, ఆవిడ భుజం మీది సంచి పట్టుకుని లాగాను. జిప్పు ఊడొచ్చింది. పాస్టరమ్మ మీద చెయ్యి వేశానని అందరూ బిత్తరపోయి చూస్తున్నారు. ఫోన్లన్నీ కెలికి నాది తీశాను.

నాన్న ఆల్బంలోని పాత ఫొటోను పుట్టినరోజు స్టేటస్ కోసం ఫోన్‌లో తీసి పెట్టుకున్నాను. ఇనుప మంచం మీద నేను, పైన వేలాడుతున్న సీసా, కదలకుండా అట్టముక్కకు కట్టేసిన చెయ్యి. పక్కనే స్టూలు మీద అమ్మ, ఒళ్లో తెరిచిన బైబిలు. పాప తల్లి ఫోన్ తీసుకుని రెండు వేళ్లతో నా చేతిని పెద్దది చేసి చూసింది.

"గిది నువ్వేనా?"

"నేనే."

"మా పొల్లక్కూడ గిట్ల కడ్తరా?"

"కడ్తరు. గుంజుకోకుండ."

"ఏడ్చినవా?"

"మస్తు ఏడ్చిన అంట. నర్సును కరిచిన అంట."

ఆమె మొహంలో కొంచెం నవ్వు వచ్చింది. అమ్మగారు కూడా వంగి ఆ ఫొటో చూశారు. నన్ను తిడతారనుకున్నాను.

"దవాఖాన ముచ్చట నేనే తీసెయ్యమన్న," అన్నారు ఆమెతో. "చీటీ జర భద్రం." తర్వాత నా వైపు తిరగకుండానే, "నువ్వు ఆటో పిలువు పో," అన్నారు.

మధ్యాహ్నానికి బెడ్డు దొరికింది. తన భర్త సైటు నుంచి వచ్చేదాకా ఉండమని పాప తల్లి నన్ను అడిగింది. డాక్టర్ల రౌండ్స్ టైమని వార్డు గ్రిల్లు మూసేశారు. పాప బాగానే కోలుకుందని, నాలుగు రోజులకు ఇంటికి పంపారని జనగామ వచ్చాక తెలిసింది. ఆ మధ్యాహ్నం మాత్రం మాకేమీ తెలియదు. సెలైన్ ఎక్కించాక పాప నిద్రపోయింది. అమ్మ నుంచి నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. సంచి సంగతి అప్పుడే చేరిపోయిందన్నమాట. తిరిగి చేసే ధైర్యం లేక ఫోన్ బోర్లా పెట్టాను.

ఇంతలో ఆమె పక్క మంచం తల్లితో అంటోంది, "ఈ చెల్లెనే చెయ్యి పెట్టింది. వచ్చుడుతోనే బెడ్డు దొరికింది."

ఆ తల్లి తన పిల్లాణ్ని ఎత్తుకుని నా ముందుకు వచ్చింది.

"నేనేం చెయ్యలే అక్కా. చేసేది డాక్టర్లే," అన్నాను.

"ఎరుకే. దవాఖానల్నే ఉన్నం గద. అయినా ఒక్కసారి పెట్టు."

గ్రిల్లు వైపు చూశాను. తెరవడానికి ఇంకా గంట ఉంది. పిల్లాడు నన్నే చూస్తున్నాడు. చెయ్యి చున్నీకి తుడుచుకుని, వాడి తల మీద పెట్టాను.