బడి పుట్టినప్పటి సంది

బుచ్చయ్య సారుకు ఒకటే పిచ్చి. ఏ పని చెయ్యమన్నా, ఏ పని వద్దన్నా “గిది మన బడి రివాజు” అనేవాడు. ఎప్పటి సంది అని అడిగితే తడుముకోకుండా “బడి పుట్టినప్పటి సంది” అనేవాడు. రాళ్లకంచె సర్కారు హైస్కూలు పుట్టి పట్టుమని పదేళ్లు కాలేదు. గోడకు ఆనుకుంటే సున్నం ఇంకా వీపుకు అంటుతూనే ఉంది. ఆయన రివాజులు మాత్రం గోలకొండ కంటే పాతవన్నట్టు ఉండేవి.

ఆయన డ్రిల్లు సారు. పొట్టి మనిషి. కొబ్బరినూనె పెట్టి వెనక్కి దువ్విన జుట్టు ఆయన ఆస్తి. గాలి వీస్తే ముందు జుట్టు పట్టుకుని తర్వాత పంచె పట్టుకునేవాడు.

లెక్కల ఐలేశం సారు మక్తల్ నుంచి బదిలీ మీద వచ్చిన రోజునే ఈ పిచ్చి ఆయనకు గేటు దగ్గర ఎదురైంది.

“సారూ, బూట్లు గీడనే ఇడువుండ్రి.”

“ఎందుకు?”

“గిది మన బడి రివాజు. సార్లయినా సరే, పిల్లలయినా సరే.”

“ఎప్పటి సంది?”

“బడి పుట్టినప్పటి సంది.”

గేటు నుంచి తరగతి దాకా అన్నీ పల్లేరుగాయలే. మొదటి పీరియడంతా ఐలేశం సారు అరికాళ్లలో ముళ్లు తీసుకోవడంతోనే సరిపోయింది. రుజువు లేనిదే రెండు రెళ్లు నాలుగని కూడా నమ్మని మనిషి ఆయన. అబద్ధం ఆడటం చేతకాదు. ఒకరు ఆడితే విని ఊరుకోవడం అంతకన్నా చేతకాదు.

మధ్యాహ్నం ఇంకో రివాజు. ఎవరి సద్ది వారు తినకూడదు. అందరి మూటలూ ఒక పెద్ద గంపలో పోసి, కలిపి పంచాలి. ఐలేశం సారు భార్య కౌసల్య ప్రేమగా కట్టిచ్చిన ఆలుగడ్డ కూర గంపలో మాయమై, ఆయన చేతికి ఎండు జొన్నరొట్టె, ఎర్రకారం వచ్చాయి.

“నా కూర ఎవరు తిన్నరు?” అని సాయంత్రం నిలదీసింది కౌసల్య.

“బడి తిన్నది” అన్నాడాయన నీరసంగా.

గంట సంగతి మరీ ఘోరం. ఆఖరి పిల్లవాడు గట్టు మీద కనబడితేనే గంట కొట్టాలని రివాజు. ఆ ఆఖరివాడు ఎప్పుడూ తొమ్మిదో తరగతి బీరన్నే. గొర్రెలను మేపుకొచ్చి, దొడ్లో తోలి, అప్పుడు పరుగెత్తుకుంటూ వచ్చేవాడు. గొర్రెలు ఎటు పోతే బడి టైము అటు పోయేది. ఆ గంటను నమ్మి గడియారం తిప్పుకున్న పోస్టుమాస్టరు నల్గొండ బస్సు తప్పిపోయి, బుచ్చయ్య సారుతో మాట్లాడటమే మానేశాడు.

ఆ రోజుల్లో ఊళ్లో నవ్వుకోవడానికి ఈ రివాజులు తప్ప ఇంకేమీ మిగల్లేదు. రజాకార్లు పోయారు, యూనియన్ పోలీసులు వచ్చారు, ఇక కంటినిండా నిద్రపోవచ్చని జనం అనుకున్నారు. గుట్టల్లో కమ్యూనిస్టు దళాలు అలాగే ఉన్నాయి. వాటిని పట్టుకోవడానికి ఊరి చివర పోలీసు క్యాంపు వెలిసింది. దళాలకు ఎవరు అన్నం పెట్టారని అడిగి కొట్టేవారు. బడిలో సగం బల్లలు ఖాళీ. పెద్దసారు హైదరాబాదు పోయి తిరిగి రాలేదు. ఆ కుర్చీ ఐలేశం సారు మెడకు చుట్టుకుంది.

చలికాలంలో గుట్టల్లో కాల్పులు జరిగి ఒక మనిషి చచ్చిపోయాడు. శవాన్ని క్యాంపు ముందు పడేసి, ఎవరిదో చెప్పమన్నారు. ఊరంతా వరుసగా వచ్చి చూసింది. అది బీరన్న తండ్రి గుర్వయ్య అని అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. ఆయన భార్య సైదమ్మ కూడా మొగుడి మొహం చూసి, “నాకు ఎరుక లేదు దొరా” అని కళ్లు తుడుచుకోకుండా ఇంటికి పోయింది. చెబితే కొడుకును క్యాంపుకు పట్టుకుపోతారు. పోయినవాళ్లు నడిచి తిరిగి వచ్చింది తక్కువ.

క్యాంపును నడిపే పోలీసు అమీను తెలివైనవాడు. “కొడుకన్నవాడు ఉంటే పదో దినం నాడు గుండు కొట్టించుకోక మానడు. కొత్త గుండు కనబడితే పట్టుకురండి” అని మనుషులకు చెప్పాడు. ఆ మాట ఊరంతా పాకింది.

పదకొండో నాడు బీరన్న ఎప్పటిలాగే ఆఖరున, తలకు తువ్వాల చుట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర బుచ్చయ్య సారు తువ్వాల అంచు లేపి చూసి మళ్లీ కప్పేశాడు.

“అమ్మ ఊకుంటలేదు సార్” అన్నాడు బీరన్న నేల చూస్తూ. “బాపుకు గీ ఒక్కటన్న చెయ్యకపోతె ఎట్ల అన్నది. మంగలిని పిలిస్తె తెలుస్తదని గొర్రెల కత్తెరతోని తనే తీసింది.”

బుచ్చయ్య సారు వాణ్ని లోపలికి తోలాడు. పోయి గంట కొట్టాడు. పిల్లలు వరుసలో నిలబడ్డాక గొంతు సవరించుకున్నాడు.

“మంగలి యాదయ్యను పిలువుండ్రి. పరీక్షల ముంగట అందరం గుండ్లు కొట్టించుకోవాలె. గిది మన బడి రివాజు.”

“పోయినేడు కొట్టియ్యలే కద సార్!”

“పోయినేడు మరిచినం. అందుకే సగం మంది ఫెయిలయిండ్రు.”

ముందు తనే కూర్చున్నాడు. “గీ జుట్టా సారూ? నాకు చేతులొస్తలేవు” అని యాదయ్య గింజుకున్నాడు. “కానీయ్” అని బుచ్చయ్య సారు కళ్లు మూసుకున్నాడు. రెండో వంతు బీరన్నది. కత్తెర గాట్లన్నీ యాదయ్య కత్తితో నున్నగా కలిపేశాడు.

ఐలేశం సారు ఆఫీసు గదిలోంచి అగ్గి మీద గుగ్గిలంలా వచ్చాడు. “గిదేం పిచ్చి సారూ? బడా, తిరుణాళ్లా?”

బుచ్చయ్య సారు దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు. “బీరన్న బాపుకు దినం చేసిండు సారూ. గిప్పుడు గుండు వాడొక్కనికే ఉండొద్దు.”

ఐలేశం సారు వెనక్కి తిరిగాడు. గదిలోకి పోయి కూర్చున్నాడు. ఆయనది నొక్కుల జుట్టు, కౌసల్యకు ప్రాణం. జుట్టు సంగతి అటుంచితే, రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? అదే ఆయన భయం.

రేపటి దాకా ఆగే పని లేకపోయింది. మధ్యాహ్నానికే అమీను వచ్చాడు. ఆవరణ నిండా గుండ్లు ఎండకు మెరుస్తున్నాయి.

“ఏందిది?”

“మన బడి రివాజు దొరా” అన్నాడు బుచ్చయ్య సారు.

“నిన్ను అడుగలే.” అమీను ఐలేశం సారు వైపు తిరిగాడు. “నువ్వు పెద్దసారువు కద. రివాజే అయితే నీ తల మీద వెంట్రుకలెందుకున్నయి?”

వరుసలో బీరన్న పెదవి కొరుక్కుంటున్నాడు. పిల్లలందరి చూపూ నొక్కుల జుట్టు మీదనే.

ఐలేశం సారు కోటు విప్పి, యాదయ్య ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు.

“పెద్దసారుది ఆఖరు వంతు. గది గూడ రివాజే.”

“ఎప్పటి సంది?”

“బడి పుట్టినప్పటి సంది.”

జన్మలో ఆడిన మొదటి అబద్ధం అంత సాఫీగా వస్తుందని ఆయనకే తెలియదు. అమీను గుండ్లన్నీ ఒకసారి కలయజూసి, నేల మీద ఉమ్మి, వెళ్లిపోయాడు.

నొక్కులు ఒళ్లో రాలుతుంటే ఐలేశం సారు చూపు గేటు మీద పడింది. అక్కడ చెప్పుల కుప్ప ఉంది. ఇంతమంది పిల్లలకు అంత చిన్న కుప్ప. చెప్పులు లేనివాళ్లెవరో ఎవరికీ తెలియదు. సద్ది తెచ్చుకోనివాళ్లెవరో తెలియదు. బీరన్న ఏనాడూ ఆలస్యమని దెబ్బలు తినలేదు. ఇన్నాళ్లూ లెక్కలు చెబుతూ ఈ ఒక్క లెక్క తనకెందుకు తెగలేదా అని ఆయన సిగ్గుపడ్డాడు.

ఇంటికి పోగానే కౌసల్య గుండె బాదుకుంది. “అయ్యో, మనింట్ల ఎవరు పోయిండ్రు?”

ఊరు నోరు తెరిచి ఏడవలేని మనిషికి ఆ రోజు బడంతా కొడుకులయ్యారు. ఆ మాట పైకి అనే కాలం కాదు. ఐలేశం సారు బిందె దగ్గర కూర్చుని చాలాసేపు నీళ్లు పోసుకున్నాడు.

ఏడాది తిరిగింది. క్యాంపు ఇంకా అక్కడే ఉంది. గుర్వయ్య పేరు ఊళ్లో ఎవరూ పైకి అనరు. ఐలేశం సారుకు నొక్కులు మళ్లీ వచ్చాయి. బుచ్చయ్య సారు కొత్త సీసా కొబ్బరినూనె కొన్నాడు. ఒక పొద్దున ఇద్దరూ గేటు దగ్గర చెప్పులు విడుస్తూ చూస్తే, గోడ నీడన యాదయ్య కత్తి నూరుతున్నాడు. ఎదుట పిల్లలు బారు తీరి ఉన్నారు. అందరికన్నా ముందు బీరన్న. ఆ రోజు వాడు ఆలస్యంగా రాలేదు.

“ఎవరు పిలిచిండ్రురా యాదయ్యను?” బుచ్చయ్య సారు చెయ్యి దానంతటదే జుట్టు మీదికి పోయింది.

“పరీక్షలు కద సార్. మన బడి రివాజు.”

“నేను చెప్పలే కదరా! ఎప్పటి సంది?”

“బడి పుట్టినప్పటి సంది!” అని బడంతా ఒక్క గొంతుతో అరిచింది.

బుచ్చయ్య సారు ఐలేశం సారు వైపు దీనంగా చూశాడు. ఐలేశం సారు అప్పటికే కోటు విప్పుతున్నాడు.

“కూసోండ్రి సారూ” అన్నాడు. “పెద్దసారుది ఆఖరు వంతు.”