చెవితో చదివిన అక్షరాలు

మా ఆయనది సెలూన్. గడ్డం గీశాక వేళ్ల వెనకవైపుతో చెంపంతా నిమిరి చూస్తేగాని మనిషిని కుర్చీలోంచి లేవనివ్వడు. గ్లవ్స్ తొడుక్కోమంటే, "తొడుక్కుంటే చెంపేదో తలగడేదో తెలిసి చావదే" అంటాడు. ఆయనకి చిన్నప్పటినుంచీ ఎగ్జిమా ఉంది. మెడ, మోచేతి మడతలు, కనురెప్పలు ఎప్పుడూ పగిలే ఉంటాయి. గోక్కోవద్దని నేను మొత్తుకోని రోజు లేదు. వింటేగా!

ఓ రోజు పెదవి చివర నీటిపొక్కులున్న మనిషి గడ్డానికొచ్చాడు. మా ఆయన పొక్కుల చుట్టూ జాగ్రత్తగా గీసి, అలవాటుగా నిమిరి, అవే వేళ్లతో తన కన్ను నలుపుకున్నాడట.

వారం తిరక్కుండానే జ్వరం. మెడ మీద, చెంప మీద, కుడికన్ను చుట్టూ పొక్కులు. అన్నీ ఒకే సైజు. చితికిన చోటల్లా గుండ్రంగా చిన్న గుంట, పెన్సిల్ మొనతో పొడిచినట్టు. దురద తక్కువ, మంట ఎక్కువ.

"ఎప్పుడూ ఉండేదేగా, ఆ దురద మందు ట్యూబ్ ఇలా ఇయ్యి" అన్నాడు.

ఇవ్వలేదు. ఆస్పత్రికి లాక్కెళ్లాను.

డాక్టరమ్మ చూడగానే కుర్చీలోంచి లేచింది. "ఇది హెర్పిస్ అనే వైరస్. చాలామందికి పెదవి మీద పొక్కుతో పోతుంది. ఎగ్జిమా చర్మం దాన్ని ఆపలేదమ్మా, ఒళ్లంతా పాకుతుంది. ముదిరితే ప్రాణం మీదికొస్తుంది" అంది. వెంటనే మంచమెక్కించి సెలైన్‌లో మందు పెట్టారు.

జ్వరం దిగింది. వాచిన రెప్ప కాస్త తెరుచుకోగానే కంటి పరీక్షకి పంపారు. వైరస్ నల్లగుడ్డు మీదికి చేరితే చూపే పోవచ్చట.

అక్కడ పెద్ద వరస. అక్షరాల బోర్డు ఎదురుగానే ఉంది. ముందున్నవాళ్లు ఒక్కొక్కరే గట్టిగా చదువుతున్నారు. ఈయన తల వంచుకుని కూర్చున్నాడు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నాడేమో అనుకున్నాను.

వంతొచ్చింది. ఎడమకన్ను మూశారు. కుడికంటితో ఆఖరి వరస దాకా గడగడా చదివేశాడు. ముఖం మాత్రం బోర్డుకి పక్కగా, గోడవైపు ఉంది. సెలూన్లో విన్న కబురు ఒక్కటీ మర్చిపోని మనిషి! ఇందాక కదిలిన ఆ పెదవులు గుర్తొచ్చాయి.

"బాగుంది" అంది నర్సు.

"ఏం బాగుందమ్మా! విని బట్టీ పట్టాడు" అన్నాను.

"నీ నోరు పడిపోనూ! కళ్లు కనపడనివాడి కత్తి కింద ఎవడే గొంతు పెట్టేది?" అని అరిచాడాయన.

"ముందు ఆ కన్ను మిగలనివ్వండి!" నేనూ అరిచాను. అందరూ చూశారు. చూడనీ.

నర్సు బోర్డు తిప్పింది. అటువైపు అంకెలు. మొదటి అంకె దగ్గరే ఆయన నోరు ఆగిపోయింది.

కంటి డాక్టరు రంగు చుక్క వేసి నీలం లైటులో చూశాడు. నల్లగుడ్డు మీద కొమ్మల్లా చీలిన పుండు. "ఇంకా లోతుకి దిగలేదు. మందు వేస్తే మానే అవకాశం ఉంది. ఇవాళ ఇలాగే వెళ్లిపోయి ఉంటే మాత్రం..." అని ఆపేశాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆయన డాక్టరిచ్చిన చుక్కల సీసా నా చేతిలో పెట్టి, తల వెనక్కి వాల్చాడు.

"కదలకండి" అన్నాను.

"భయమేస్తోందే" అన్నాడు. పెళ్లయ్యాక ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

"నాకూ" అన్నాను.

కన్ను తెరిచే ఉంచాడు.