వలపక్షం

చిత్తూరులో ఎక్కిన బస్సు చంద్రగిరి చేరేలోపు మనిషిలోని ఓపికంతా పిండేస్తుంది. ఆ రోజు నా పక్కన కూర్చున్న ముసలావిడ ఒక మామిడిపళ్ల సంచిని ఒళ్లో పెట్టుకుని, రెండోదాన్ని కాళ్ల దగ్గర పడేసింది. నా నోరు ఊరుకోలేదు.

"ఏం పెద్దమ్మా, ఒగటి ఒళ్లో, ఒగటి కిందా? సంచులకాడ కూడా వలపక్షమేనా?"

బడి తొందరగా మానేసిన నాకు ఆ మాట దెప్పడానికే తెలుసు. ఆమె నవ్వలేదు.

"వల అంటే కుడిపక్క నాయనా. కుడిపక్క ఎద్దును మా నాయన వలపల ఎద్దు అనేవాడు. నా కొడుకులిద్దరి నడుమ పండుకునేదాన్ని. పెద్దోడు కుడిపక్క. ఎప్పుడూ వాని దిక్కే తిరిగి పండుకున్నా. సిన్నోడు నా ఈపు సూసే పెరిగినాడు. ఇప్పుడు నా మొగం సూడడు."

ఒళ్లో సంచిని సర్దుకుంది.

"ఇది సిన్నోనికే. తీసుకుంటాడో లేదో."

చంద్రగిరిలో దిగింది. కింది సంచిని నేనే అందించాను.

మా ఆడపిల్లలిద్దరూ నాకు చెరోపక్క పడుకుంటారు. అప్పటినుంచి నేను వెల్లకిలా పడుకుంటున్నాను. గురక ఎక్కువైందని మా ఆవిడ తిడుతోంది.