పదో తూటా

పోయినవి లెక్కపెడితే: రేపల్లె మావయ్య లీవర్ రైఫిల్ ఒకటి, తూటాలు నాలుగు, తోలు పట్టీ ఒకటి, లైసెన్సు పుస్తకం ఒకటి, మావయ్య ఒకరు. మొత్తం ఎనిమిది. మనిషిని వస్తువులతో కలిపి కూడకూడదు. కానీ ఆయన్ని వదిలేస్తే మిగతా ఏడూ నాకు లెక్కే కాదు.

ఆ రైఫిల్ ఆయన తాత వేటకు కొన్నది. మావయ్య మాత్రం అడవులదీవి పొలంలో పందులు పడినప్పుడు ఆకాశంలోకి ఒకసారి పేల్చేవారు, అంతే. బ్యారెల్ కింద ఉన్న గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి కూర్చుంటాయి. వెనకదాని ముక్కు ముందుదాని అడుగున ఉన్న, దెబ్బ తగిలితే పేలే క్యాప్‌ను తాకుతూ ఉంటుంది. అందుకే మొన చదునుగా ఉన్నవే వాడాలి. బాపట్లలో ఒకాయన సూదిమొనవి ఊరికే ఇస్తానన్నా మావయ్య తీసుకోలేదు.

"కుదుపుకి లోపలే పేలుద్దండి. నా చెయ్యి నాక్కావాలి," అన్నారు.

చదునువి మళ్లీ దొరకలేదు. నాలుగే మిగిలాయి.

ఒకరోజు టేపు పెట్టి కొలిచాను. గొట్టం లోపల ఇరవై ఆరు అంగుళాలు, తూటా రెండున్నర. తూటాల్ని తోసే స్ప్రింగు నొక్కుకుపోయాక దానికి రెండంగుళాలు తీసేస్తే తొమ్మిది పడతాయి.

"పది," అన్నారు మావయ్య.

"తొమ్మిదే మావయ్యా. పదోదానికి అంగుళం తక్కువ."

"మా తాత పది పెట్టేవాడే."

"ఆయన పెడుతుంటే ఎవరు లెక్కపెట్టారు?"

"మీ అత్తని అడుగు."

అత్తయ్య వంటింట్లోంచే, "నన్ను లాగకండి. పెళ్లైన కాణ్ణుంచీ ఆ పదే వింటన్నా," అంది.

నాలుగు తూటాలతో ఆ సంగతి తేలదు. తెనాలిలో మా ఇంటికి తిరిగొచ్చి, అంగలకుదురు వడ్రంగి చేత అదే కొలతకు పది చెక్క తూటాలు చేయించాను. అవి సంచిలో వేసుకుని రేపల్లె వెళ్లేసరికి ఎన్నికలు ప్రకటించారు. అవి ముగిసేదాకా లైసెన్సు తుపాకులు పోలీసుల దగ్గర ఉంచాలి. మావయ్య పట్టీతో సహా రైఫిలూ, తూటాలూ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకున్నారు.

"ఓట్లయ్యాక రా అమ్మాయ్. పదోది నీ చేత్తోనే తోయిస్తా."

ఓట్ల లెక్కింపుకి ముందే ఆయన పోయారు. లైసెన్సు ఆయన పేరు మీదే ఉంది. ఆ పుస్తకం కూడా స్టేషన్లో ఇచ్చేశాం. రైఫిల్ మాకు కావాలని ఎవరమూ అడగలేదు. అడగనివాళ్లలో నేనూ ఉన్నాను.

చెక్క తూటాలు నా బల్ల సొరుగులో ఉన్నాయి. అప్పుడప్పుడు స్కేలు పక్కన వరసగా పేరుస్తాను. తొమ్మిది దగ్గర నా లెక్క ఆగిపోతుంది. నాదే తప్పని తేలితే బాగుండునని పదోది చేతిలో పట్టుకుని కాసేపు కూర్చుంటాను. ఆయన దగ్గర్నుంచి నాకింకా రావలసింది ఒకటి.