ముందు బ్రేకు

పోలీసుల యార్డు నుంచి ప్రేమానందం మోటార్ సైకిల్‌ని ట్రక్కులో తెచ్చి ఇంటి గరాజ్‌లో దించినప్పుడు కాగితం మీద సంతకం పెట్టింది అతని భార్య నవోమి. భర్తను పాతిపెట్టి వచ్చి రెండు వారాలు కూడా కాలేదు. బండి ముందు చక్రం నలిగిపోయింది. చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వెనక్కి వంగి ఇంజనుకు ఆనుకుంది. ట్రక్కు డ్రైవరు జాలిపడి, కావాలంటే తుక్కు కిందికి తానే తీసుకుపోతానన్నాడు. నవోమి అక్కర్లేదంది.

అది జర్మన్ బండి. రెండు సిలిండర్లూ చెరో పక్కకి పొడుచుకొచ్చి ఉంటాయి. ప్రేమానందం దాన్ని పాతదిగానే కొన్నాడు. డెట్రాయిట్‌లో ఒక కార్ల కంపెనీలో ఇంజన్లు పరీక్షించడం అతని ఉద్యోగం. ఆదివారం చర్చి నుంచి రాగానే కోటు విప్పేసి ఈ బండి పక్కన కూర్చోవడం అతని విశ్రాంతి. అటూ ఇటూ పెట్టెలు తగిలించి, నవోమిని వెనక కూర్చోబెట్టుకుని నయాగరా దాకా తీసుకెళ్ళాడు. తమ ఊరు నరసాపురంలో రిక్షా గోతిలో పడితేనే హడలిపోయే మనిషి, ఆ దారంతా అతని వీపుకు చెంప ఆనించి నిద్రపోయింది.

1979 మే నెలలో ఒక సాయంత్రం అతను ఆఫీసు నుంచి వస్తుంటే, ఎదురుగా వస్తున్న కారు ఉన్నట్టుండి ఎడమకు తిరిగి అతనికి అడ్డం పడింది. కారు నడిపింది రాల్ఫ్ హేగన్. ఊరి పెద్దరోడ్డు మీద ఫర్నిచర్ షాపు అతనిది. "పాత బండి. దానికి బ్రేకుల్లేవు. ఆపలేకపోయాడు" అని పోలీసులకు చెప్పాడు. చూసినవాళ్ళెవరూ లేరు. అంతగా నలిగిన బండికి బ్రేకు పరీక్షించలేమన్నారు. కేసు మూసేశారు.

నవోమి ఆసుపత్రిలో నర్సు. చావు ఆమెకు కొత్త కాదు. ఆమెను తినేసింది బ్రేకుల్లేవన్న ఆ మాట. అది తెలుగు చర్చిలోకి కూడా వచ్చింది. "పిల్ల తండ్రికి ఆ పాత డొక్కు ఎందుకండీ" అని పాస్టరుగారి భార్య వసంతకుమారి కాఫీ తాగుతూ అనడం ఆమె చెవిన పడింది. కొన్నాళ్ళకు కూతురు ప్రేమజ్యోతి, మూడో క్లాసు చదువుతున్న పిల్ల, కార్లో కూర్చుని అడిగింది. "మమ్మీ, డాడీ బ్రేక్స్ ఫిక్స్ చేసుకోలేదా?"

ఇంటికి రాగానే నవోమి ఆమోసుకు ఫోన్ చేసింది. ఆమోసు ప్రేమానందం దగ్గర పనిచేసిన ఇంజనీరు. వాళ్ళ చర్చివాడే.

"బండి బాగుచేయాలి, రా."

"నేను చేసి పెడతాలే అక్కా. నువ్వు రెస్ట్ తీసుకో."

"నువ్వు చేస్తే సరిపోదు. నాకు నేర్పు."

రెండు చలికాలాలు పట్టింది. డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫామ్ మీదే ప్రేమానందం పాత స్వెటర్ తొడుక్కుని గరాజ్‌లోకి పోయేది. కార్బురేటర్లు విప్పి కిరసనాయిలులో కడగడం నేర్చుకుంది. రెండు సిలిండర్లూ ఒకే తీరున కొట్టుకుంటున్నాయో లేదో చెవితో పట్టడం నేర్చుకుంది. అది ఆమెకు కష్టం కాలేదు, గుండెలు వినే ఉద్యోగమే కదా. కొత్త ఫోర్కు తెప్పించారు, చక్రానికి కొత్త రిమ్ము, కొత్త స్పోకులు వేశారు. చక్రం నడుమ బ్రేకు ఉండే డ్రమ్ము మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని తెరిచి చూస్తే బ్రేకు షూలు ఏమాత్రం అరగకుండా దళసరిగా, శుభ్రంగా ఉన్నాయి. ఆమోసు వాటిని దీపం దగ్గరికి తెచ్చి వేలితో తడిమి చూశాడు.

"ఎలాగూ విప్పాం. కొత్తవి వేసేద్దాం అక్కా," అన్నాడు.

"వద్దు. అవే ఉండాలి. కేబుల్ కూడా అదే."

"ఇదంతా దేనికక్కా?"

"ఆ హేగన్ చేత తోయిస్తాను," అంది నవోమి.

లైసెన్సు తీసుకుని, వసంతకాలంలో ఒక శనివారం ఆమె హేగన్ షాపు ముందు బండి ఆపింది. లోపలికి వెళ్ళి పేరు చెప్పింది. అతని ముఖం పాలిపోయింది. కొనడానికి వచ్చినవాళ్ళు చూస్తుండగా బయటికి రమ్మంది. బండెక్కి కూర్చుని ముందు బ్రేకు నొక్కి పట్టింది.

"తోయండి."

అతను తోశాడు. బండి కదల్లేదు.

"గట్టిగా తోయండి. మీరు ఆడిపోసుకున్న బ్రేకే ఇది."

అతను రెండు చేతులూ పెట్టి, భుజం ఆనించి తోశాడు. చొక్కా తడిసిపోయింది గానీ బండి అంగుళం జరగలేదు. తర్వాత లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మరుసటి శనివారం మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాతి శనివారమూ వెళ్ళింది. లోపలికి పోయేది కాదు. ఎదురుగా బండి నిలిపి, తుడుచుకుంటూ కూర్చునేది. ఎవరైనా బండి బాగుందంటే, నా భర్తది, ఈ షాపాయన కారు కిందే పోయాడు అని చెప్పేది. మంచు కురిసే నెలల్లో గరాజ్‌లో కూర్చుని ఇంజను వాల్వుల ట్యాపెట్లు సరిచేసుకుంటూ ఎండాకాలం కోసం ఎదురుచూసేది. పోలీసులొచ్చి చూశారు, రోడ్డు పక్కన ఆపుకుంటే తప్పేమీ లేదని వెళ్ళిపోయారు. వసంతకుమారి ఇంటికొచ్చి క్షమించడం గురించి బైబిలు వాక్యం చదివింది. నవోమి తల వంచుకుని విన్నది, ఆమెన్ అన్నది, శనివారం వెళ్ళింది.

మూడో వేసవిలో హేగన్ బయటికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు.

"ఎండ కళ్ళలో పడింది. మీ ఆయన నాకు కనిపించలేదు. భయపడి ఆ మాటన్నాను. నా దగ్గర్నుంచి ఇంకేం కావాలి?"

"నా కూతురికి చెప్పండి."

అతను ఆ మర్నాడే వచ్చాడు. డ్రైవ్‌వేలో నిలబడి, టోపీ చేత్తో పట్టుకుని, అదే మాట ప్రేమజ్యోతికి చెప్పాడు. పిల్ల ఆసాంతం విని, "ఓకే" అంది. తర్వాత తల్లివైపు తిరిగి, "మమ్మీ, ఆయన్ని వెళ్ళిపొమ్మను" అంది.

తన బరువు దిగిపోతుందని నవోమి అనుకుంది. కానీ కారెక్కుతున్న హేగన్‌ని చూస్తే బరువు దిగింది అతనికే. భుజాలు వదులుచేసి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, కిటికీ అద్దం దించుకుని వెళ్ళిపోయాడు. అది ఆమె ఓర్చుకోలేకపోయింది. శనివారం మళ్ళీ బండి తీసింది.

"చెప్పాడు కదక్కా, ఇంకెందుకు?" అన్నాడు ఆమోసు.

"చెప్పి నిద్రపోతున్నాడు. నాకింకా నిద్ర పట్టట్లేదు."

1986లో హేగన్ షాపు అమ్మేసి, చెప్పాపెట్టకుండా అరిజోనా వెళ్ళిపోయాడు. ఆ సంగతి చర్చిలో నవోమికి చెప్పింది వసంతకుమారే.

"పోన్లేమ్మా, నీకిక మనశ్శాంతి."

"ఇంకొన్నేళ్ళు ఉంటాడనుకున్నానండీ," అంది నవోమి.

ఇంటికొచ్చి చీర మార్చుకుని గరాజ్ తలుపు ఎత్తింది. ఇంజను కాసేపు నడిపి వేడెక్కించి, నల్లని ఆయిలు డబ్బాలోకి దించి, కొత్తది పోసి, చేతులు తుడుచుకుని, అలమరలో అరిజోనా మ్యాపు ఉందేమోనని వెతికింది.