పిరమిడ్ ముందు పులుసు గరిటె

ఈజిప్టు దేశంలో పిరమిడ్ల ముందు, సింహం ఒళ్ళూ మనిషి తలా ఉన్న రాతి విగ్రహం ఒకటి వేల ఏళ్ళుగా తూర్పుకే చూస్తూ కూర్చుని ఉంది. మైపాడు హజరత్తయ్య చేపల పులుసు వాసన తగిలి అది ఒక రోజు పొద్దున మెడ తిప్పి చూసింది.

సరే, మెడ తిప్పిందనడం కాస్త ఎక్కువే. దాని ముక్కు విరిగిపోయి చాలా కాలమైంది కాబట్టి వాసన సంగతి కూడా గట్టిగా చెప్పలేం. ఒంటె మాత్రం తిప్పింది. అందులో సందేహం లేదు. దానికి ఫోటో ఉంది.

హజరత్తయ్యది సముద్రం మీద వేటకు పోయే కుటుంబం. కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. నెల్లూరు జిల్లాలో ఆ పేరు విని ఎవరూ తలెత్తి చూడరు. తండ్రి గంగులయ్య కుర్రవాణ్ణి పడవ ఎక్కించుకుపోతే, ఒడ్డు కనుమరుగయ్యే లోపలే వాడు కడుపులోదంతా సముద్రంలోకి వదిలేసేవాడు. కొన్నాళ్ళు చూసి గంగులయ్య విసిగిపోయాడు.

"వీడు చేపలు పట్టేదానికి పుట్టలేదు, చేపలకు మేత వేసేదానికి పుట్టినాడు" అని, వాణ్ణి ఒడ్డున పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు.

అలా మొదలైన వంట నెల్లూరులో ఒక మెస్సు దాకా పోయింది. పెంచలమ్మతో పెళ్ళయ్యాక దానికి అత్తగారి పులుసు తోడైంది. ఆ పులుసుకు ఒకటే శాసనం. చేప ముక్కలు పడ్డాక చట్టిలో గరిటె పెట్టకూడదు. చట్టి అంచుల్ని గుడ్డతో పట్టుకుని, పసిబిడ్డను ఊపినట్టు నెమ్మదిగా తిప్పాలి. మామిడికాయ ముక్కలు చివర్లో వేసి, మూత పెట్టి, దాన్ని దాని మానాన వదిలేయాలి. పొద్దున వండితే రాత్రికి ముక్కకు పులుపు పడుతుంది.

నెల్లూరులో గిరిబాబు యాత్రల బస్సులు నడిపేవాడు. కాశీ, షిర్డీలతో మొదలుపెట్టి సింగపూరు దాకా పెరిగాడు. ఈజిప్టు పేరెత్తితే మాత్రం ఒకప్పుడు జనం భయపడేవాళ్ళు. అక్కడ గొడవలట, తుపాకులట అనేవాళ్ళు. తర్వాత కరోనా వచ్చి ఎవరినీ గడపే దాటనివ్వలేదు. ఇప్పుడు ఏమైందో ఏమో, పిరమిడ్ల పక్కన పెద్ద మ్యూజియం తెరిచారని ఫోన్లలో వీడియోలు చూసి, బుచ్చిరెడ్డిపాలెం రైసు మిల్లుల వాళ్ళూ, రిటైరైన టీచర్లూ గిరిబాబు ఆఫీసు మీద పడ్డారు. సింగపూరు అందరూ చూసిందే, మమ్మల్ని ఈజిప్టు తీసుకుపొమ్మన్నారు. వేల ఏళ్ళ నాటి సమాధులు ఒక్కసారిగా ఫ్యాషనైపోయాయి.

అయితే ఎంత పాత నాగరికతనైనా నెల్లూరు మనిషి కడుపు నిండాకే చూస్తాడు. గిరిబాబుకు ఆ సంగతి తెలుసు. అందుకే హజరత్తయ్యకు పాస్‌పోర్టు చేయించాడు. కరపత్రం మీద, పిరమిడ్ బొమ్మ కంటే పెద్ద అక్షరాలతో, "హజరత్తయ్య చెయ్యి పడని పులుసు మా టూర్లో వడ్డించం" అని వేయించాడు. పిరమిడ్లు చూసి అలిసిపోయి వచ్చిన రాత్రి చేపల పులుసు అని కూడా రాయించాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. రాత్రి పులుసు కావాలంటే పొద్దున వండాలి. పొద్దున జనమంతా పిరమిడ్ల దగ్గరికి పోయేటప్పటికి హజరత్తయ్య హోటల్ వంటింట్లో చింతపండు పిసుకుతూ ఉండేవాడు. మూడు సార్లు పోయాడు. మూడు సార్లూ అతను చూసిన పిరమిడ్, హోటల్ మేడ మీద నీళ్ళ ట్యాంకుకూ టీవీ డిష్షుకూ నడుమ ఇడ్లీ ముక్కంత కనబడే కొన ఒక్కటే.

మైపాడు బీచి రోడ్డులో టీ కొట్టు నడిపే బెన్హర్ ఊరుకునే రకం కాదు.

"అన్నా, బైబిల్లో మోషే అంతమందిని ఐగుప్తు నించి బయటికి తోలుకొచ్చినాడు. నువ్వేమో పనిగట్టుకోని ఆడికే పోతా ఉండావు. పోతే పోయినావు, పిరమిడ్ ముందర ఒక్క ఫోటో అన్నా తెచ్చినావా?"

"వంట పనిరా. తీరికేది?"

"వంటింట్లో కూచునేదానికి మద్రాసు చాలు గదన్నా. వారం దినాలు ఆడ దాక్కోని వచ్చినా మాకెట్టా తెలుస్తాది?"

కొట్టు ముందు కూర్చున్న వాళ్ళంతా నవ్వేవాళ్ళు. అది పెద్ద బాధ కాదు. చేపల గంప దించుకుని పక్కన నిలబడ్డ పెంచలమ్మ కూడా నవ్వేది.

"ఈయన పోయింది ఈజిప్టుకో, ఇసకపల్లికో! రెండు చోట్లా ఇసకే గదా" అనేది.

పెళ్ళామే నమ్మకపోతే అంత దూరం పోయి రావడం దేనికి? నాలుగోసారి బయలుదేరేముందు హజరత్తయ్య కొట్టు ముందు నిలబడి గట్టిగా అనేశాడు. "రేయ్ బెన్హర్, ఈ తూరి పిరమిడ్ ముందర నిలబడి ఫోటో తేకపోతే నీ కొట్లో టీ ముట్టను."

"అయితే ఇంకో టీ తాగిపోన్నా. మళ్ళీ దొరకదేమో" అన్నాడు బెన్హర్.

పిరమిడ్లున్న గిజాలో ఆ హోటల్ వంటవాడి పేరు మహమూద్. అతను అరబ్బీలో, హజరత్తయ్య నెల్లూరు తెలుగులో మాట్లాడుకునేవాళ్ళు. మూడు టూర్ల నుంచి ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు, స్నేహానికి మాత్రం లోటు రాలేదు. ఆ రోజు పొద్దున పులుసు కాగుతుండగా మహమూద్ రెండు చేతులూ కలిపి గోపురంలా పెట్టి, కళ్ళు చూపించి, చూశావా అన్నట్టు అడిగాడు. హజరత్తయ్య తల అడ్డంగా ఊపాడు. మూడు సార్లు వచ్చీ చూడలేదని వేళ్ళతో చెప్పాడు. మహమూద్ ముఖం, ఇంటికి వచ్చిన చుట్టాన్ని పస్తు పడుకోబెట్టినవాడి ముఖంలా అయిపోయింది. హజరత్తయ్య నడుముకున్న గుడ్డ విప్పి మహమూద్ తన నడుముకు కట్టుకున్నాడు. సందులోకి కేకేసి ఆటో పిలిచాడు. అచ్చం మన బజాజ్ ఆటోనే.

హజరత్తయ్య కాళ్ళు తలుపు వైపూ, కళ్ళు చట్టి వైపూ లాగాయి. ముక్కలు అప్పుడే పడ్డాయి. మహమూద్ చేతికి దేన్నైనా కెలికే అలవాటుంది. గుడ్డతో చట్టి అంచులు పట్టుకుని తిప్పి చూపించాడు.

"ఇట్టా తిప్పాల. కెలక్కు సామీ, నీకు దణ్ణం పెడతా."

మహమూద్ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. అయినా నమ్మకం చాలలేదు. హజరత్తయ్య పులుసు గరిటె తీసి, తువ్వాలులో చుట్టి, నడుముకు దోపుకుని ఆటో ఎక్కాడు.

టికెట్టు కొనుక్కుని లోపలికి పోయి పిరమిడ్ ముందు నిలబడ్డాడు. ఒక్కో రాయి వాళ్ళ ఇంటి వసారా అంత ఉంది. తల వెనక్కి వంచీ వంచీ చూశాడు. ఇంత రాయి మోసిన జనానికి ఎంత అన్నం కావలసి వచ్చి ఉంటుందో అనిపించింది. ఎవడో వండే ఉంటాడు. ఆ వంటవాడు పొయ్యి వదిలి ఒక్కసారైనా ఇటు తలెత్తి చూశాడో లేదో!

ఫోటో కోసం ఫోను తీశాడు. తీయమని ఎవరిని అడగాలా అని చుట్టూ చూసేసరికి, చిన్న జెండా ఎత్తుకుని గిరిబాబు, వెనక జనమంతా ఇటే వస్తున్నారు. పొయ్యి వదిలి వచ్చిన సంగతి బయటపడిపోతుందని హజరత్తయ్య పక్కనే నిలబడి ఉన్న ఒంటె చాటుకు పోయాడు. ఒంటెకు ఆ చాటుమాటు వ్యవహారం అర్థం కాలేదు. మెడ తిప్పి వాసన చూసి, పులుసు ఎండిన గరిటె మీదికి నాలుక చాపింది. తువ్వాలు ఊడి నడుము దగ్గర వేలాడింది. అతను గరిటె లాక్కుని పైకెత్తి పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే, బుచ్చిరెడ్డిపాలెంలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన కామాక్షి గారు పిరమిడ్‌ను ఫోటో తీసుకున్నారు. ఆమె పిరమిడ్‌నే చూస్తున్నారు. హజరత్తయ్య గిరిబాబునే చూస్తున్నాడు. ఒంటె గరిటెనే చూస్తోంది.

ఫోటో లేకుండానే హోటల్‌కు పరుగెత్తుకొచ్చాడు. మూత తీశాడు. ఒక్క ముక్క చెదరలేదు. కానీ వాసన వేరుగా ఉంది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. నేతిలో వేయించిన వెల్లుల్లి, ధనియాలు! మాట ప్రకారం మహమూద్ కెలకలేదు, కానీ చేతులు కట్టుకుని నిలబడనూ లేకపోయాడు. వాళ్ళ దేశం తాలింపు పెట్టేశాడు. తిట్టడానికి నోరు తెరిచిన హజరత్తయ్య ఇంకోసారి వేలు ముంచాడు. బాగుంది. తను ఇన్నేళ్ళు వండిన దానికంటే బాగుంది.

రాత్రి భోజనాల దగ్గర కామాక్షి గారు వేళ్ళు నాకి, "ఇట్టాంటి పులుసు నెల్లూరులో కూడా తినలేదయ్యా హజరత్తయ్యా! ఏం వేసినావు?" అని అడిగారు.

హజరత్తయ్య చెప్పబోయాడు. ఈలోపల గిరిబాబు అతని కుడిచెయ్యి పట్టుకుని అందరికీ కనబడేట్టు పైకెత్తాడు. "ఈ చెయ్యమ్మా! అంతా ఈ చెయ్యే!"

అందరూ చప్పట్లు కొట్టారు. వంటింటి గుమ్మంలో నిలబడి, ఏమీ అర్థం కాకపోయినా, మహమూద్ కూడా కొట్టాడు. గాలిలో ఉన్న తన చేతిని హజరత్తయ్య చూడలేకపోయాడు. అయినా ఆ చెయ్యి దించుకుని మళ్ళీ వడ్డనకు దిగాడు.

ఊరికి వచ్చాక బెన్హర్ కొట్టు ముందు నుంచి తల వంచుకుని పోయేవాడు. టీ కోసం ఊరి ఆ చివరికి నడిచేవాడు.

కొన్నాళ్ళకు గిరిబాబు కొత్త టూరు ఫ్లెక్సీ పట్టుకుని మైపాడు వచ్చాడు. బీచికి వచ్చే జనానికి కనబడేట్టు టీ కొట్టు పక్కన రెండు స్తంభాలకు కట్టించాడు. కామాక్షి గారు పంపిన ఫోటోల్లో పిరమిడ్ బాగా పడిందాన్ని ఏరి దాని మీద వేయించాడు. ఫోనులో మిరియపు గింజంత ఉన్న మనిషి ఫ్లెక్సీ మీద కొబ్బరికాయంత అయ్యాడు. తాడు కడుతున్న బెన్హర్ అందరికంటే ముందు చూసి, తల వంచుకుని అటుగా పోతున్న హజరత్తయ్యను కేకేశాడు.

"అన్నా! హజరత్తన్నా! నువ్వే గదా ఇది!"

పెంచలమ్మ గంప దించి పరుగున వచ్చింది. "ఆ తువ్వాలు నేను కొనిందే! అమ్మయ్యో, నిజంగానే పోయినావా నువ్వు!" ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు కోసమే అతను పొయ్యి వదిలి పిరమిడ్ దాకా పోయింది.

గిరిబాబు మాత్రం ఫ్లెక్సీకి దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. ఫోటోలో పిరమిడ్, పిరమిడ్ ముందు నాలుక చాపిన ఒంటె, ఒంటె పక్కన గరిటె ఎత్తిన మనిషి. ఆ మనిషి కాళ్ళ కిందే ఎర్రక్షరాలు: హజరత్తయ్య చెయ్యి పడని పులుసు మా టూర్లో వడ్డించం.

"ఆ పొద్దు నువ్వు పొయ్యి కాడ గదా ఉండాల్సింది?" అన్నాడు మెల్లిగా. "మరి ఆ రాత్రి మేం తినిన పులుసు ఎవురు చేసినారు?"

బెన్హర్ అదేమీ వినిపించుకోలేదు. పొగలు కక్కే టీ గ్లాసు తెచ్చి హజరత్తయ్య చేతిలో పెట్టాడు. "నువ్వే గెలిచినావన్నా. తాగు."

హజరత్తయ్య టీ వైపు చూశాడు, పెంచలమ్మ వైపు చూశాడు, కడపట ఎర్రక్షరాల వైపు చూశాడు.

"అది నేను కాదు" అన్నాడు.

"తువ్వాలు?" అంది పెంచలమ్మ.

"అట్టాంటివి నెల్లూరు నిండా ఉండాయి."

"గరిటె?" అన్నాడు గిరిబాబు.

"గరిటె నాకొక్కడికే ఉందా? ఇప్పుడు ఏఐ అని ఒకటి వచ్చింది గదన్నా. ఎవుర్ని యాడంటే ఆడ నిలబెడతా ఉండారు."

"మరి ఒంటె?" అన్నాడు బెన్హర్.

"ఒంటె కూడా అబద్ధమే." టీ గ్లాసును ముట్టకుండానే బల్ల మీద పెట్టేశాడు. "నేను పిరమిడ్ చూడలేదు. అసలు ఈజిప్టే పోలేదు. ఆ పులుసు మాత్రం నేనే చేసినాను."