ప్రివ్యూలో ఉన్న తమ్ముడు

బందరులో కంప్యూటర్ పాఠాలు చెప్పే రోజుల్లో ఓసారి అవనిగడ్డ బస్సెక్కాను. నా ఒళ్లో ఉన్న వెబ్‌సైట్ల తయారీ పుస్తకం చూసి పక్క సీటాయన మాట కలిపాడు. ఆయనకి మోపిదేవిలో ఫొటో స్టూడియో ఉందట.

"ప్రివ్యూ అంటే ఏంటండీ?" అన్నాడు.

మతిస్థిమితం లేని తన తమ్ముడు కిందటేడు ఇంట్లోంచి వెళ్లిపోయాడట. స్టూడియో కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ వేయించుకుని, తమ్ముడి ఫొటో, తన ఫోన్ నంబరు పెట్టి ఈయనే ఒక వెబ్ పేజీ తయారుచేశాడు. ప్రివ్యూ నొక్కితే అచ్చం ఇంటర్నెట్లో లాగే వచ్చిందట. ఆ రోజు నుంచీ ఫోన్ పక్కనే పడుకుంటున్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల మీద నాకు ఒళ్లు మండిపోయింది. సేవ్ అంటారు, ప్రివ్యూ అంటారు, పబ్లిష్ అంటారు. ఏది నొక్కితే లోకానికి కనబడుతుందో మాత్రం తిన్నగా చెప్పి చావరు.

"ప్రివ్యూ మీ కంప్యూటర్లో మీకే కనబడుతుందండీ. పబ్లిష్ చేస్తేనే బయటివాళ్లు చూస్తారు" అన్నాను. ఎలా చెయ్యాలో చూపిద్దామని పుస్తకం తెరిచాను.

ఆయన పుస్తకం వైపు చూడలేదు. కిటికీ కమ్మీ పట్టుకుని కోసేసిన చేలకేసి చూశాడు.

"అయితే ఎవరూ చూళ్లేదన్నమాట" అన్నాడు. "చూసి కూడా ఒక్కళ్లూ ఫోన్ చెయ్యలేదని ఇన్నాళ్లూ అందర్నీ తిట్టుకుంటున్నానండీ."

ఆయన మోపిదేవిలో దిగేటప్పుడు పుస్తకం చేతిలో పెట్టాను.

ఇప్పటికీ క్లాసులో ప్రివ్యూ దగ్గరికి రాగానే, మీ పేజీని పక్కవాళ్ల కంప్యూటర్లో వెతకమంటాను.

"కనబడట్లేదు సార్" అని నవ్వుతారు.